దిబ్బ ఎక్కే పంతులు

మా ఊరి మట్టిదిబ్బ మీద, చైనా ముక్కలు ముక్కలుగా ఉన్న కాలంలో, యాన్ దేశపు జావో రాజు ఒకప్పుడు బంగారం రాశిపోసి, ప్రతిభ ఉన్నవాళ్లను పిలిచి మరీ కొలువిచ్చాడట. పాత పద్యాలన్నీ అదే పాట. ఆ పద్యాలే మా లువాన్ పంతులును చెడగొట్టాయి. సర్కారు కొలువుకు పెట్టే ప్రతి పరీక్షా తప్పిన ఆ మనిషి నా రొట్టెల కొట్టు ముందు నుంచే దిబ్బ ఎక్కేవాడు, దిగేవాడు, గుర్రపుడెక్కల చప్పుడైతే మళ్లీ ఎక్కేవాడు.

"రాజు చచ్చి రెండువేల ఏళ్లయింది. ఎవరి కోసమయ్యా ఈ కాళ్లరగదీసుకోవడం?" అని వాళ్లావిడ కింద నుంచి అరిచేది.

"నీకేం తెలుసే! గుర్తించేవాడు ఒక్కడొస్తే చాలు."

ఒక మధ్యాహ్నం నిజంగానే పల్లకీ వచ్చింది. కొత్త జిల్లా అధికారి దిబ్బ ఎక్కాడు. పంతులు ఆ రాజు మీద తను రాసిన పద్యం చదివాడు. అధికారి కళ్లు తుడుచుకున్నాడు.

"నా గోడే రాశారు పంతులుగారూ! నన్నూ ఈ మూలకు విసిరేశారు. మనలాంటివాళ్లను గుర్తించే రాజు ఇక పుట్టడు."

అని పల్లకీ ఎక్కి వెళ్లిపోయాడు. కొలువివ్వగల మనిషి, పంతులు పేరైనా అడగలేదు. నాకు ఒళ్లు మండింది.

"ఏమిచ్చాడు?" అంది వాళ్లావిడ.

"'మనలాంటివాళ్లు' అన్నాడే!" అంటూ పంతులు మళ్లీ దిబ్బ ఎక్కాడు.