ఒంగోలు రోడ్డు కోసం విప్పిన ఇరుసు

మార్కాపురం నడిబజారులో, పట్టుబట్టలు కట్టుకున్న మా కుటుంబం మొత్తాన్ని కారెక్కించి, ఊరంతా చూస్తుండగా నా పరువును నేనే చక్రాల కింద పెట్టి తొక్కించిన కథ ఇది. ధారాళంగా నవ్వుకోండి. మా బజారు వాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

మా నాయనది పలకల వ్యాపారం. ఆయన దగ్గర ఒక నల్ల కారుండేది, ఏదో తెల్లదొర వాడుకొని వదిలేసి పోయింది. మేం కర్నూలు జిల్లాలో ఉన్నన్నాళ్లు దానితో ఏ ఇబ్బందీ లేదు. ఏ పనికైనా గిద్దలూరు మీదుగా నల్లమల ఘాటెక్కి పోవాల. మెల్లగానే అయినా, నిండు చూలాలు మెట్లెక్కినట్టు ఎంత ఎత్తయినా ఎక్కేది. తర్వాత కొత్త జిల్లా వచ్చి పనులన్నీ ఒంగోలుకు మారినాయి. ఆ రోడ్డేమో చదును. అక్కడ మా కారు గొంతు చించుకొని అరిచేదే గానీ ఎడ్లబండిని దాటాలన్నా ఆలోచించేది.

సరిగ్గా అప్పుడే ఒంగోల్లో ఒక సంబంధం వాళ్లు పెళ్లిచూపులకు రమ్మన్నారు. అమ్మాయి బీయే చదివిందట. ఎడ్లబండి వెనకాల ఊరేగింపుగా పోయి దిగడానికి నా మనసొప్పలేదు.

నా చిన్ననాటి దోస్తు మస్తాను లారీలు బాగుచేసేవాడు. నా గోడు విని, వెనక ఇరుసు మధ్యలో రెండు పళ్లచక్రాలుంటాయనీ, చిన్నది తిరిగి పెద్దదాన్ని తిప్పుతుందనీ, ఆ జత మారిస్తే ఇంజను అరవకుండానే బండి పరిగెత్తుతుందనీ చెప్పినాడు. ఘాటెక్కే బలం కొంచెం తగ్గినా చదునులో గుర్రమేనన్నాడు. గుర్రం అనే మాట వినగానే నేను గాల్లో తేలిపోయినా. అమ్మాయి వాళ్ల వీధిలో దుమ్ము లేపుకుంటూ దిగుతున్నట్టు కలలు కూడా మొదలైనాయి.

నడిచే బండిని విప్పేదేందని నాయన అడ్డం పడ్డాడు. నేను అన్నం మానేసినంత పని చేసి ఒప్పించినా. గుంటూరులో పాత సామాన్ల దుకాణాలన్నీ గాలించి నేనూ మస్తానూ ఆ చక్రాల జత పట్టుకొచ్చినాం. పెళ్లిచూపులకు ముందురోజు మా అంగడి ముందరే కారును జాకీల మీదికెత్తి ఇరుసు విప్పినాం.

మధ్యాహ్నం మస్తాను భోజనానికి పోయినాడు. నేను ఆగాల్సింది. కానీ ఆగే వయసా అది? పెద్ద చక్రాన్ని ఎడమ పక్కన పెట్టి చూస్తే చక్కగా కూర్చుంది. కుడి పక్కన పెట్టినా అంతే చక్కగా కూర్చుంది. నాది కుడిచేతి వాటం కాబట్టి కుడి పక్కనే ఖాయం చేసి మూత బిగించేసినా.

మస్తాను వచ్చి, "అంతా సరిగ్గా చూసినావా?" అన్నాడు.

"చూసినా," అన్నా, డాక్టరు మాదిరి చేతులు తుడుచుకుంటూ.

జాకీల మీదే ఇంజను స్టార్టు చేసి గేరేసినాం. వెనక చక్రాలు రివ్వున తిరిగినాయి. ఇద్దరం కావలించుకున్నాం. చక్రాలు ఎంత జోరుగా తిరుగుతున్నాయో చూసి మురిసినాం గానీ, ఎటు తిరుగుతున్నాయో ఇద్దరిలో ఒక్కరమూ చూడలేదు.

తెల్లారి నాయన, అమ్మ, మేనత్త వెనక సీట్లో కూర్చున్నారు. బజారంతా సాగనంపడానికి వచ్చింది. కారు ముఖం ఒంగోలు దిక్కుకుంది. హారతిచ్చి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టినారు. నేను ఠీవిగా మొదటి గేరేసి క్లచ్చి వదిలినా.

కారు వెనక్కి పోయింది.

తొందరలో రివర్సు పడిందేమో అనుకొని రెండో గేరేసినా. ఇంకా జోరుగా వెనక్కి పోయింది. మూడో గేరు వెయ్యకముందే, అంగడి పక్కన ఎత్తుగా పేర్చిన పలకల కట్టల్లోకి దూరిపోయినాం. సంతలోని అప్పడాలన్నీ ఒక్కసారే నలిపినట్టు చప్పుడైంది.

మస్తాను ఎక్కి రివర్సు గేరేసినాడు. కారు బుద్ధిగా ముందుకొచ్చింది. వాడు స్టీరింగు మీద తల పెట్టుకొని, "ఏ పక్క పెట్టినావురా పెద్ద చక్రం? పక్క మారితే బండి తిరుగుడే తిరగబడుతుంది," అని గొణిగినాడు. నేను కుడిచెయ్యెత్తి చూపినా.

నాయన కండువా మీది పలక ముక్కలు దులుపుకొని శాంతంగా అన్నాడు: "జిల్లా మారిన సంగతి దీనికెవరూ చెప్పినట్టు లేదు. కర్నూలుకే పోతానంటాంది."

ముహూర్తం దాటిపోతుందని అదే రివర్సు గేరులో బస్టాండు దాకా పోయినాం. సాగనంపే జనం కిటికీల పక్కన నడుస్తూ, మా మేనత్తతో తీరిగ్గా కబుర్లు చెబుతూ వచ్చినారు. అక్కడ బస్సెక్కినాం.

ఒంగోల్లో అమ్మాయి తండ్రి కారేదని అడిగినాడు. నేను దగ్గు నటిస్తుండగానే మా మేనత్త మొదటి నుంచి చివరి దాకా చెప్పేసింది. అమ్మాయి పేరు విమల. తల వంచుకొనే విన్నది గానీ భుజాలు కదులుతున్నాయి. కాఫీ ఇస్తూ నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "చక్రాలు ఎటు తిరుగుతున్నాయో చూడలేదా?"

"లేదండీ," అన్నా.

ఇక ఆపుకోలేక లోపలికి పరిగెత్తింది. ఆ నవ్వు హాల్లో కూర్చున్న మా అందరికీ వినపడింది. ఈ సంబంధం కూడా వెనక్కే పోయిందనుకున్నా. కానీ వారం తిరక్కుండా సరేనని కబురొచ్చింది. పెళ్లయినాక, నాలో ఏం చూసి ఒప్పుకున్నావని ఆశగా అడిగినా.

"మిమ్మల్ని ఒంటరిగా వదిలేస్తే ఊరంతటికీ ప్రమాదమనిపించింది," అంది.

కాబట్టి పాఠకులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నా. ఇక ఈ జన్మలో ఏ బండి ఇరుసూ విప్పను. ఒకవేళ విప్పినా, విమల వచ్చి చూసేదాకా మూత బిగించను.