రొయ్య వీపున నారింజ చుక్క

బొమ్మలకు కళ్ళు దిద్దే చుక్కలక్కను చేపల ప్రయోగశాలలో పనికి పెట్టుకున్నారు. అక్కడి చిట్టిరొయ్యలు కొన్నింటి ఒంట్లో నారింజరంగు పురుగు ఉంటుంది, పైకే కనబడుతుంది. చేప కడుపులోకి చేరితేనే అది ఎదుగుతుంది. చేప దాని రంగు చూసే వస్తోందా అని తేల్చడానికి, పురుగు లేని రొయ్యల వీపున ఆమె అదే రంగు చుక్క పెట్టింది. పెట్టిన దగ్గర్నుంచీ ఒకచోట నిలవలేకపోయింది.

"నా చుక్కే వీటి ప్రాణం తీస్తుందేమోనమ్మా!"

"కాసేపు కుదురుగా ఉండక్కా, చేప బెదురుతుంది," అంది పరిశోధకురాలు.

చేపను తొట్టిలో వదిలారు. చుక్క పెట్టిన రొయ్యలు రాయి కిందే నక్కాయి. పురుగున్న రొయ్య మాత్రం వెలుగులోకి ఈదుకెళ్ళి చేప నోట పడింది.

"చూశావా, దాన్ని వెలుగులోకి తోలింది పురుగే, నీ చుక్క పాపమేం లేదు!"

"మరి పురుగుకెందుకమ్మా ఆ రంగు?"

"ఏమో, ఇంకా తేలాలి."

"తేలేదాకా వీటికి చుక్క వద్దు, తుడిచేస్తానమ్మా," అంటూ చుక్కలక్క తడిగుడ్డ అందుకుంది.