జిప్పా, సెటప్పా?

అనకాపల్లి స్టేషన్ రోడ్డులో మా అక్క భర్తా నేనూ కలిసి కంప్యూటర్ షాపు నడిపేవాళ్ళం. నెట్ కంటే సీడీల మీదే లోకం నడుస్తున్న రోజులు. చర్చి పాటల్ని గోడ మీద పెద్ద అక్షరాలతో చూపించే ప్రోగ్రామ్ ఒకటి రాశాను. దాన్ని జనానికి ఏ రూపంలో ఇవ్వాలన్న దగ్గర మా ఇద్దరికీ చెడింది.

జిప్ ఫైల్ చాలన్నాను. ఫైళ్ళన్నీ కట్టిన మూట అది, విప్పుకుని వాడుకోవడమే; కంప్యూటర్‌లో ఇంకెక్కడా చెయ్యి పెట్టదు.

"సెటప్ ఫైల్ సెయ్యి బామ్మర్దీ," అన్నాడు మా బావ. "నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కితేగాని జనానికి తృప్తుండదు."

నేను వినలేదు. నాకప్పట్లో సిద్ధాంతాలుండేవి.

మొదటి సీడీ కోటవురట్ల చర్చిలో పాటలు చూసుకునే రిటైర్డ్ టీచరమ్మగారికి వెళ్ళింది. ఆవిడ మూట విప్పలేదు. జిప్ లోపల కనిపించిన ప్రోగ్రామ్‌నే నొక్కారు. అది ఒంటరిగా లేచి వచ్చింది. తెలుగు ఫాంటు మూటలోనే ఉండిపోయింది. ఆదివారం ఆరాధనలో గోడ నిండా పిచ్చి గుర్తులు. మర్నాడే ఫోను.

"బాబూ, మీరిచ్చిన పాటలు ఏ బాషలో ఉన్నాయి?"

"తెలుగేనండి."

"అలాగా. మాకు నోటికొచ్చు గనక గోడకేసి సూడకుండా పాడేసేం."

బావ ఒక ఖాళీ సీడీ తెచ్చి నా ముందు పెట్టాడు. మాట అనకుండా ఏడిపించడంలో ఆయనది అందె వేసిన చెయ్యి.

చచ్చినట్టు సెటప్ తయారు చేశాను. కంప్యూటర్‌లోకి రెప్పపాటులో ఎక్కేది. అదే కొంప ముంచింది.

"ఇంత బేగి అయిపోయిందేటి బాబూ? సగమే ఎక్కినట్టుంది," అని టీచరమ్మగారు తీసేసి మళ్ళీ ఎక్కించారు. నమ్మకం చాలక ఇంకోసారి.

"ఎక్కేటప్పుడు తెర మీద సాగే ఆ పచ్చగీత ఆగాగి నడిసేలా సెయ్యి," అన్నాడు బావ.

"కంప్యూటర్‌కి ఆగాల్సిన పనేముంది?"

"ఆగాల్సింది కంప్యూటర్ కోసం కాదు, ఆవిడ కోసం."

వేగానికి మురిసిపోయే నేను, ఆలస్యం చేయడానికి కూర్చుని కోడ్ రాశాను. ప్రోగ్రామ్‌లో అక్షరం మారలేదు. టీచరమ్మగారు మాత్రం పొంగిపోయారు. "ముందరదాని మీద ఇది శానా బాగుంది బాబూ!"

ఆ సంబరంలో పాయకరావుపేటలో ఉన్న చెల్లెలికి కూడా ఇచ్చి, మళ్ళీ ఫోన్ చేశారు. "దాని కంప్యూటర్లో ప్రోగ్రామ్ పేరు కనబడతంది గాని పాట రాట్లేదు."

"ఏం కాపీ చేశారండి?"

"తెర మీదున్న మీ ప్రోగ్రామ్ బొమ్మే. పెన్ డ్రైవులో ఏసిచ్చేను. మళ్ళీ ఆ సెటప్పంతా దేనికని."

ఆ బొమ్మ షార్ట్‌కట్ అనే గుమ్మం మాత్రమేననీ, ప్రోగ్రామ్ ఉండే ఇల్లు లోపలెక్కడో ఉంటుందనీ వివరించాను. తప్పు లెక్క చేసిన పిల్లాణ్ణి భరించినట్టు ఓపిగ్గా విన్నారు.

"ఆ ఇల్లేదో బొమ్మలోనే పెట్టెయ్యొచ్చు కదా బాబూ?"

ఫోన్ పెట్టేశాను.

"ఏటంతన్నారు?" అన్నాడు బావ.

"జిప్పూ వద్దంట, సెటప్పూ వద్దంట, బొమ్మొక్కటే చాలంట," అన్నాను.