లైసెన్సు ఉంది, కావాలనే నడుస్తున్నాను

మొరియిచి అన్న పొట్టలో కనీసం మూడోవంతు నా చేతి చలవే. అంచేత ఆయన కథ చెప్పే హక్కు నాకుందనే అనుకుంటాను.

ఒకినావా దక్షిణపు కొసన, మా రేవులో తెరుయా హిదే భోజనం డబ్బాల కొట్టంటే నాదే. ఇరవై ఏళ్ళుగా రోజూ పొద్దున్న ఐదింటికి నూనె కాగుతుంది. అన్నం మీద పంది మాంసం కట్లెట్టు, దాని పక్కన రేకు డబ్బా మాంసం వేపుడు ముక్క, గుడ్డు అట్టు, అన్నిటికింద పరుపులా కాస్త స్పాగెట్టి. ఆ రోజుల్లో మూత పడేది కాదు. రబ్బరు బ్యాండు వేసి ఇచ్చేవాణ్ణి. మూత పడిందంటే మర్నాడు రేవంతా "తెరుయా చెయ్యి ముడుచుకుపోయింది" అనేవాళ్ళు. మా చిన్నప్పుడు కొత్త సంవత్సరానికొకసారి, పెద్దల పండక్కొకసారి పంది మాంసం తినేవాళ్ళం. ఆ పండగని నేను రోజూ డబ్బాలో పెట్టి అమ్మేవాణ్ణి. కొనేవాళ్ళలో మొదటివాడు చినేన్ మొరియిచి.

ఈ కథ మొదలయ్యేనాటికి ఆయనకి యాభై ఒకటి. చేపల సహకార సంఘం వారి ఐసు ఫ్యాక్టరీలో పని. పేరుకి ఐసు మోసే పని గాని, మోసేది యంత్రం, ఆయన మీట నొక్కేవాడు. ఇంటి నుంచి ఫ్యాక్టరీ రెండున్నర కిలోమీటర్లు, కారు. ఇంటి నుంచి డబ్బులేస్తే కాఫీ డబ్బా ఇచ్చే మిషను నూటయాభై అడుగులు, దానికీ కారే. ఇందులో ఆయన్ని ప్రత్యేకంగా అనడానికేం లేదు, మా రేవులో అందరం అంతే. బరువు నూట నాలుగు కిలోలు.

అయితే ఆయన పడవ చుక్కాని మనిషి. అదీ సంగతి.

ఏటా చాంద్రమానం ఐదో నెల నాలుగో రోజున మా రేవులో పడవల పందెం. తూర్పువాడ, పడమటివాడ, మా మధ్యవాడ, వాడకో పడవ. పది మంది తెడ్లు వేస్తారు, ముందు ఒకడు జేగంట కొడతాడు, వెనక ఒకడు పెద్ద తెడ్డుతో దారి పట్టిస్తాడు. మా వాడకి ఆ పెద్ద తెడ్డు పట్టింది మొరియిచి తాత, తర్వాత నాన్న, తర్వాత ఆయన. పందెం లేని రోజుల్లో ఆ తెడ్డు వాళ్ళింట్లో పూర్వీకుల పీఠం పక్కన గోడకి ఉంటుంది. పందేల్లో అందరూ ఎదురుచూసేది బోల్తా పందెం. నడి రేవులో పడవని మనమే తిరగెయ్యాలి, మళ్ళీ సరిచెయ్యాలి, నీళ్ళు తోడి పోసి, ఎక్కి, తెడ్లు వెయ్యాలి. ఎక్కేటప్పుడు అటొకడు ఇటొకడు జతగా ఎక్కాలి. లేకపోతే పడవ ఒరుగుతుంది.

ఆ ఏడు మా పడవ ఒరగలేదు. తిరగబడింది. మొరియిచి అన్న అంచు పట్టుకుని ఒళ్ళు పైకి లాగగానే, అప్పటికే ఎక్కి కూర్చున్న మేం పదకొండుమందిమీ ఆయన నెత్తిమీదుగా మళ్ళీ సముద్రంలోకి. రెండోసారీ అంతే. మూడోసారి ఆయనే, "నన్నొదిలెయ్యండ్రా, మీరు పదండి" అన్నాడు. వదిలెయ్యడానికి వీల్లేదు, మనుషులు తగ్గితే పందెం చెల్లదు. ఆయన వెనక కొస పట్టుకుని వేలాడాడు, మేం ఈడ్చుకొచ్చాం. మైకులో వ్యాఖ్యానం చెప్పే కుర్రాడు ఊరుకోవచ్చుగా!

"మధ్యవాడ వాళ్ళు వస్తున్నారు! పనిలో పనిగా ఒక చేపని కూడా పట్టుకొస్తున్నారు! పెద్దదే పడిందండోయ్!"

రేవంతా నవ్వింది. నేనూ నవ్వాను, తెడ్డు వేస్తూనే.

ఆ సాయంత్రం వాడ పెద్ద గిబో గారు ఆయన్ని పక్కకి పిలిచాడు. అంత మెత్తగా మాట్లాడితే తిట్టినట్టే ఉంటుంది.

"మొరియిచీ, వచ్చే ఏడు డేరాలో కూర్చుని బహుమతులివ్వు. తెడ్డు మా మేనల్లుడు చూసుకుంటాడు."

"ఒక్క ఏడు ఆగండి. నా అంతట నేను పడవెక్కలేకపోతే, ఆ నీళ్ళలోనే తెడ్డు మీవాడి చేతికిస్తాను."

"ఒక్క ఏడే."

"ఒక్క ఏడే."

ఆయన ముందు చేసిన పని అందరూ చేసేదే. పట్నంలో వ్యాయామశాలలో చేరాడు. పావుగంట కారులో వెళ్ళి, కదిలే పట్టీ మీద టీవీ చూస్తూ అరగంట నడిచి, మళ్ళీ పావుగంట కారులో వచ్చేవాడు. దారిలో కారు దిగకుండానే తిండి చేతికిచ్చే బర్గర్ల కొట్టుంది. మొదటి రోజే అక్కడ ఆగాడు, "ఇంత నడిచాను కదా" అని. ఇది నాకెలా తెలుసంటే, పక్క సీట్లో నేనున్నాను. మూడు నెలలకి నేను రెండు కిలోలు పెరిగాను, ఆయన మూడు.

"నాకు కూరగాయలు ఎక్కువ పెట్టవోయ్ హిదే" అన్నాడొకరోజు. ఆ రోజు నుంచి ఆయన డబ్బాలో స్పాగెట్టి తీసేసి ఆ చోట మయొనేజు కలిపిన బంగాళదుంప పెట్టాను. బంగాళదుంప కూరగాయే కదా అని నిజంగానే అనుకున్నాను. ఆయన కూడా అనుకున్నాడు, పాపం.

ఆయన నాయనమ్మ ఉతో అవ్వకి అప్పటికి తొంభై రెండు. ఆ వయసులోనూ పొద్దున్నే గుట్ట మీద మడికి నడిచి వెళ్ళి చిలగడదుంప ఆకు, కాకరకాయలు కోసుకొచ్చేది. వయసులో ఉన్నప్పుడు, పడవలు రేవుకి రాగానే చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని పట్నం దాకా మూడు కోసులు పరుగు తీసేవాళ్ళలో ఆవిడొకతె. ముందు చేరినవాళ్ళ చేపే అమ్ముడుపోయేది. వ్యాయామశాల చీటీ చూసి ఆవిడ అడిగింది.

"ఒరే, అక్కడ నడిస్తే ఎక్కడికి చేరతావురా?"

"ఎక్కడికీ చేరనవ్వా. అక్కడే ఉంటాను."

"దానికి డబ్బు వాళ్ళిస్తారా?"

"నేనే ఇస్తాను."

అవ్వ చాలాసేపు నవ్వింది. తర్వాత అంది, "నేను ముప్పై కిలోలు నెత్తిన పెట్టుకుని పరిగెత్తాను. నువ్వు ముప్పై కిలోలు పొట్టన పెట్టుకుని కారెక్కుతున్నావు. నాదైతే పట్నంలో అమ్ముకుంటే దిగిపోయేది. నీది ఎవడు కొంటాడ్రా?"

మర్నాడు, అక్టోబరు నెలలో ఒక సోమవారం, మొరియిచి అన్న కారు తాళం అవ్వ చేతిలో పెట్టి ఫ్యాక్టరీకి నడిచాడు.

ఇక్కడే అసలు చిక్కొచ్చింది. మా రేవులో చంటిపిల్లలు నడుస్తారు, ముసలివాళ్ళు నడుస్తారు, పర్యాటకులు నడుస్తారు. యాభై ఏళ్ళ మగాడు పనిరోజు పొద్దున్నే నడుస్తున్నాడంటే దానికి ఒకటే అర్థం. తాగి బండి నడిపి పోలీసులకి దొరికాడు, లైసెన్సు పోయింది.

మొదటి కారు ఆగింది. వలలు అమ్మే ఉయెజు.

"ఏమన్నా, బండి చెడిపోయిందా? ఎక్కు."

"లేదు, నడుస్తున్నా."

"ఎక్కడికీ?"

"ఫ్యాక్టరీకి."

ఉయెజు కిటికీ అద్దం ఇంకాస్త దించి, గొంతు తగ్గించి అడిగాడు. "ఎప్పుడు పట్టుకున్నారు?"

"ఎవరు?"

"నా దగ్గర దాపరికమేంటన్నా. ఎక్కు, ఎవరికీ చెప్పను."

ఉయెజు ఎవరికీ చెప్పలేదన్న సంగతి మధ్యాహ్నానికి నా కొట్టు దాకా వచ్చింది. బుధవారానికి మూడు నెలల లైసెన్సు రద్దు ఆరు నెలలైంది. గురువారానికి ఒక కరెంటు స్తంభం కూడా విరిగింది. శుక్రవారం ఫ్యాక్టరీ మేనేజరు తన గదిలోకి పిలిచి తలుపేసి, "మనకి యంత్రం నడిపే పని కూడా ఉంది, నిజం చెప్పు" అన్నాడు. మొరియిచి అన్న జేబులోంచి లైసెన్సు తీసి బల్ల మీద పెట్టాల్సి వచ్చింది. ఆయన భార్య కజుయో వదినని పరామర్శించడానికి ఇరుగుపొరుగు వచ్చారు. ఉత్త చేతులతో వస్తే బాగోదని ఒకావిడ పన్నెండు రేకు డబ్బాల మాంసం పెట్టె కూడా తెచ్చింది. వదిన ఆ పెట్టె వంక చూసి, "ఈయన్ని ఇంత చేసినవాళ్ళే ఓదార్చడానికి వచ్చారు" అందట.

నేనేమైనా తక్కువ తిన్నానా? శనివారం ఆయన కొట్టుకి రాగానే డబ్బాలో ఒక కట్లెట్టు ఎక్కువ పెట్టి, భుజం మీద చెయ్యేసి, "అందరికీ జరిగేదే అన్నా. ధైర్యంగా ఉండు" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. కట్లెట్టుని చూశాడు. దాన్ని తీసి నా పళ్ళెంలో పెట్టి, "హిదే, ఒక అట్టపెట్టె ఇవ్వు. లావు పెన్ను కూడా" అన్నాడు.

నా కొట్టు బల్ల మీదే కట్లెట్ల అట్టపెట్టె చించి, ఒక ముక్క మీద పెద్ద అక్షరాలతో రాశాడు, "లైసెన్సు ఉంది. కావాలనే నడుస్తున్నాను." దానికి నా రబ్బరు బ్యాండ్లే గొలుసులా కట్టి వీపుకి తగిలించుకున్నాడు. సోమవారం పొద్దున్న రేవు రోడ్డు మీద కార్లన్నీ నెమ్మదించాయి. బడిపిల్లలు వెనకపడి గట్టిగా చదివారు. గాలికి అట్ట తిరగబడినప్పుడల్లా వెనకవైపు అచ్చు కనిపించేది, "గడ్డకట్టిన కట్లెట్లు, అరవై." అది కూడా చదివారు.

సిగ్గు పడ్డాడా అంటే పడ్డాడు. మొదటి వారం చెవులు ఎర్రగా ఉండేవి. కాని మానలేదు. వానకి అట్ట నానిపోతే ఫ్యాక్టరీలో చెక్క పలక మీద రాయించుకున్నాడు. ఫ్యాక్టరీలో మీట నొక్కడం తగ్గించి చిన్న ఐసు దిమ్మలు చేత్తోనే ఎత్తడం మొదలుపెట్టాడు. "యంత్రం ఏమనుకుంటుందన్నా?" అని కుర్రాళ్ళు ఏడిపించేవాళ్ళు. మధ్యాహ్నం అవ్వ కట్టిచ్చిన మూట విప్పేవాడు. ఉడికిన చిలగడదుంప, దాని ఆకు, తోఫూ, కాకరకాయ. నా కొట్టుకి రావడం మానేశాడు. నిజం చెప్పొద్దూ, నాకు కోపం వచ్చింది. ఒకరోజు దారిలో అడిగేశాను కూడా.

"నా తిండి అంత పాపమా అన్నా?"

"నీ తిండి అమృతంరా. అందుకే భయం" అన్నాడు.

మార్చి నెలకి తొంభై ఒకటి. ఏప్రిల్‌లో సమాధుల పండగొచ్చింది. పూర్వీకుల సమాధి ముందు చాపలేసుకుని వంశమంతా కలిసి తినే రోజు. పంది మాంసం, వేపుళ్ళు, వరుసగా పేర్చిన లక్కపెట్టెలు. నా కొట్టు నుంచే వెళ్ళాయి. తాతముత్తాతలు చూస్తుండగా వద్దనడం ఎలా? పైగా వాళ్ళకి పెట్టిందే మనం తినాలి. వారానికి మళ్ళీ తొంభై నాలుగు. పందేనికి రెండు నెలలు కూడా లేదు. ఆ రాత్రే గోడ మీది తెడ్డు దింపి గిబో గారింటికి ఇచ్చేస్తానని బయల్దేరితే కజుయో వదిన గుమ్మానికి అడ్డంగా కూర్చుందట.

"ఇవ్వడానికైనా నడిచే వెళ్ళాలి కదా. రేపు పొద్దున్న వెళ్ళు."

పొద్దున్న ఆయన తెడ్డు గోడకి తగిలించి, పలక వీపుకి తగిలించుకుని ఫ్యాక్టరీకే వెళ్ళాడు.

అప్పటి నుంచి సాయంత్రాలు రేవులో ఒక పాత పడవకి వేలాడడం చూశాను. నీళ్ళలోకి దిగడం, అంచు పట్టుకోవడం, పైకి లాగడం, జారడం. వదిన గట్టున కూర్చుని లెక్కపెట్టేది. "తొమ్మిది. పది. ఇవాళ్టికి నీకన్నా పడవే నయం, అది తేలుతోంది."

పందెం రోజు ఎండ కాస్తోంది. గిబో గారి మేనల్లుడు మా పడవలోనే, ముందు గంట దగ్గర కూర్చున్నాడు. తెడ్డు చేతులు మారాల్సి వస్తే దగ్గరుండాలని వాడ పెద్ద పెట్టిన ఏర్పాటు. మొరియిచి అన్న వెనక కొసన నిలబడ్డాడు. ఎనభై తొమ్మిది కిలోలు. సన్నబడ్డాడని ఎవరూ అనరు. కాని కిందటేడు నీళ్ళని ముద్దుపెట్టుకున్న పడవ వెనక కొస ఈసారి పైకే ఉంది.

నడి రేవులో జెండా దగ్గర పడవ తిరగేశాం. కింద అంతా పచ్చటి నీళ్ళు, బుడగలు, ఎవరిదో మోకాలు నా ముఖానికి. సరిచేశాం. నీళ్ళు తోడాం. జతలుగా ఎక్కడం మొదలైంది. మొరియిచి అన్న వంతు వచ్చేసరికి పడవలో అందరూ అంచులు పట్టుకున్నారు.

ఆయన రెండు చేతులూ అంచున వేశాడు. పడవ కొంచెం వంగింది. ఒక్కసారి కిందికి మునిగి, మోచేతుల మీద లేచి, పొట్ట అంచు దాటించి, లోపల దొర్లాడు. పడవ ఊగింది, నిలబడింది. గట్టున మధ్యవాడ మొత్తం అరిచింది. మేనల్లుడైతే పందెం మర్చిపోయి గంట మోగించేస్తున్నాడు.

అందరూ ఎక్కేశారనుకున్నారు పడవలోవాళ్ళు. తెడ్లు లెక్కపెడితే ఒకటి తక్కువ.

అది నేను. అంచు పట్టుకుని రెండుసార్లు ప్రయత్నించాను. మూడోసారికి చేతుల్లో సత్తువ లేదు. ఆ ఏడాదంతా ఆయన మానేసిన డబ్బాలు ఎవరు తిన్నారనుకున్నారు? అమ్ముడుపోనివి పారెయ్యలేను కదా. ఇంతలో ఒక చెయ్యి నా నడుం పట్టీ పట్టుకుంది.

"కాళ్ళు కొట్టరా హిదే! ఊరికే వేలాడకు!"

మొరియిచి అన్న నన్ను ఐసు దిమ్మలాగా లాగి పడవలో పడేశాడు. మైకులో ఆ కుర్రాడే.

"మధ్యవాడ ఈ ఏడూ చేప పట్టిందండోయ్! ఆగండాగండి... చేప మారింది! కిందటేటి చేపే ఈ చేపని పట్టుకుంటోంది!"

మూరెడు తేడాతో తూర్పువాడ చేతిలో ఓడిపోయాం. రెండో స్థానం. పదకొండేళ్ళలో మాకు చివరిది కాని స్థానం అదే. గట్టున గిబో గారు మేనల్లుడి వైపు చూడకుండా మొరియిచి అన్న ముందుకొచ్చి తల వంచాడు. ఉతో అవ్వ మనవడిని తల నుంచి కాలి దాకా చూసి, "ఇంకా ఓ బుట్టెడు చేపలున్నాయి పొట్టన. అయినా బాగానే పరిగెత్తావులే" అంది. ఆ మాటకి ఆయన ముఖం వెలిగిపోయింది. నా భార్య పక్కనుంటే చెప్పాను, ఆ మనిషి నా కొట్టు మొదటి బేరగాడు, అని. నేనేదో సాధించినట్టు.

మర్నాడు పొద్దున్న కొట్టు తెరిచేసరికి ఆయన గుమ్మంలో ఉన్నాడు. చేతిలో ఆ చెక్క పలక. తీసి నా మెడలో వేశాడు.

"ఇంటి నుంచి కొట్టుకి ఎంత దూరంరా?"

"ఒకటిన్నర కిలోమీటరు."

"చాలదు. ఫ్యాక్టరీ దాకా నాతో వచ్చి తిరిగి రా."

నాలుగేళ్ళయింది. ఇప్పుడు మా రేవులో అలాంటి పలకలు తొమ్మిదున్నాయి. పొద్దున్నే మేం వరుసగా వెళుతుంటే ముందు మొరియిచి అన్న ఉంటాడు. ఆయన వీపున మాత్రం పలక లేదు. ఆయనకి లైసెన్సు ఉందో లేదో ఇప్పుడెవరూ అడగరు.

నా కొట్టులో డబ్బాకి మూత పడుతోంది. చెయ్యి ముడుచుకుపోయిందని అంటూనే ఉన్నారు, కొంటూనే ఉన్నారు.