నేల కింద ఎండ లేదు

ఈ ఉదయం బండిలో పెట్రోలు పోయించుకుంటుంటే ఆ వాసనకు దేవదానం సారు గుర్తొచ్చాడు. ఆయన పనిచేసిన కర్నూలు పెట్రోలియం కన్సల్టెన్సీకి బంకుల యజమానుల సంఘం వచ్చే ఆదివారం సన్మానం చేస్తోంది. ఆహ్వానపత్రంలో ఆయన పేరు లేదు. చేర్చమని సంఘం కార్యదర్శికి మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. జవాబు రాకపోవడం నాకు కొత్త కాదు. మరిచిపోవడమే నాకు చేతకాదు.

కోడుమూరు దగ్గర మా చేను పక్కన ఒక బంకు ఉండేది. మా బావి నీళ్లు పెట్రోలు వాసన కొడుతున్నాయని ఏడాదిపాటు నేను తిరగని ఆఫీసు లేదు. బంకు యజమాని నవ్వేవాడు. "నీ ముక్కుకే ఏదో రోగం ఉండాది, పోయి చూపించుకోప్పా." చివరికి ట్యాంకులో సరుకు తగ్గుతోందని, ట్యాంకులు పరీక్షించే సారును అతనే పిలిపించుకున్నాడు. నేను కంచె దగ్గర కాపేసి, చెంబెడు నీళ్లు సారు ముందు పెట్టాను. ఆయన వాసన చూసి యజమాని వైపు తిరిగాడు.

"ఎండలు శానా ఉండాయి సార్, ఆవిరైపోతాంది," అన్నాడు యజమాని. మా వైపు ఏ నష్టమొచ్చినా ఎండ మీదికే తోస్తారు.

"నేల కింద ట్యాంకుకు ఎండ యాడిదప్పా?" అన్నాడు సారు.

శనివారం సాయంత్రం బంకు మూయించి, ట్యాంకులో డిప్ రాడ్ దించి, పెట్రోలు ఎంత ఎత్తున ఉందో రాడ్ మీద గుర్తు పెట్టాడు. మరునాడు చర్చి నుంచి నేరుగా వచ్చి రాడ్ నా చేతికిచ్చాడు. "నువ్వే దించప్పా. నేను చెప్తే నమ్మే రకం కాదు నువ్వు." గుర్తుకు రెండు వేళ్లు కిందే తడి ఆగింది. వారం తిరక్కుండా నాకొక కాగితం వచ్చింది: "మీ ఫిర్యాదు నిజం. ట్యాంకు మారుస్తున్నారు. బావి తోడించండి, మళ్లీ వచ్చి చూస్తాను." నా జన్మలో నాకు వచ్చిన మొదటి జవాబు అది. ఆయనకు నేను అర్జీ పెట్టనైనా లేదు.

అన్నట్టే నెలనెలా వచ్చి నీళ్లు వాసన చూసేవాడు. మూడో ఏటి వానలకు బావి తేటపడింది. పరీక్ష చేయించిన తర్వాతే చెంబెడు నీళ్లు గటగటా తాగి, "ఇంగ ఈడ నీ ముక్కుకు పనిలేదు. మాతో రాప్పా," అన్నాడు. పదకొండేళ్లు కర్నూలు నుంచి కడప దాకా ఆయన వెంట తిరిగాను. ఏ బంకుకు పోయినా ముందు చుట్టుపక్కల బావుల వాళ్లను అడిగి, ఆ తర్వాతే యజమానితో మాట్లాడేవాడు. ఇప్పుడా సంస్థలో నిన్నగాక మొన్న చేరిన ఇంజనీర్లు కూడా అదే చేస్తున్నారు. సన్మానం కూడా దానికేనట. సంతోషమే, వాళ్లకు అది తగినదే.

సారు పోయి రెండేళ్లయింది. ఉన్నా ఆయన అడగడు. నేను అడుగుతాను. ఆదివారం మా బావి నీళ్లు చెంబుతో తెచ్చి ముందు వరుసలో కూర్చుంటాను. కార్యదర్శి గారూ, వేదిక మీద దేవదానం సారు పేరు చదువుతారా, చదవరా? ఈసారి నాకు జవాబు కావాలి.