గున్నమ్మ అడిగిన పేరు

గున్నమ్మకి చదువు రాదు. చేపల గంప నెత్తిన పెట్టుకుని ముప్పై ఏళ్లుగా సముద్రం ఒడ్డు నుంచి మా ఊరికి వస్తోంది. ఏ ఇంట్లో ఎందరు పిల్లలో, ఎవరికి జ్వరమో అన్నీ ఆమెకి తెలుసు.

2018 వేసవిలో, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందంటూ వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. డిగ్రీ చదివిన వెధవని, ముందూ వెనకా చూడకుండా నేనే దాన్ని ఐదు గ్రూపులకి పంపాను. మర్నాడే మా కిరాణా కొట్టు ముందు, దువ్వెనలు అమ్ముకునే ఒక ఒడియా ముసలామెని కరెంటు స్తంభానికి కట్టేశారు. కర్రలు లేచాయి.

అప్పుడే వచ్చిన గున్నమ్మ గంప దించి, ఆమె పక్కనే చతికిలబడింది.

"ఎవుల పిల్లని ఎత్తుకుపోనారు? పేరు సెప్పండి."

అందరూ నావైపు చూశారు. నేను ఫోనువైపు చూశాను.

"పేరే లేదా? నానూ పొరుగూరిదాన్నే కదా. నన్నూ కట్టీండి!"

కర్రలు దిగాయి. గున్నమ్మ తాడు విప్పుతూ నాతో అంది: "బాబూ, ఇది కూడా అందరికీ పంపు."

సిగ్గేసి పంపలేదు. ఆ ఐదు గ్రూపుల్లో ఇప్పటికీ ఆ వీడియోనే ఉంది.