మా వీధి నీళ్లు తాగడానికి వచ్చే బావ

డాక్టరమ్మ మా ఊరికి ఎన్నిసార్లు వచ్చినా మా బావ అరుగు మీదే కూర్చుంది. నా అరుగు మీద ఒక్కసారీ కూర్చోలేదు. ఈ మంట నాకు ఏళ్ల నాటిది. ఇప్పుడు ఆ బావే లేడు. పోయిన బుధవారం పొద్దున వల బాగుచేసుకుంటూ పక్కకు ఒరిగిపోయాడు. నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయే దారిలోనే ప్రాణం పోయింది. బీపీ పెరిగి తలలో నరం చిట్లిందన్నారు.

ఆయన నా భార్యకు సొంత అన్న. మైపాడు పక్కన మా ఊళ్లో నాది రోడ్డు వీధి, ఆయనది ఇసుక వీధి. మా వీధికి మంచినీళ్ల గొట్టం వేసి, మలుపు దగ్గర ఆపేశారు. ఇసుక వీధి వాళ్లు ఇప్పటికీ ఉప్పు బోరు నీళ్లే తాగుతున్నారు.

డాక్టరమ్మ బీపీ గురించి పరిశోధన చేయడానికి వచ్చింది. మా ఊరే కాదు, సముద్రం ఒడ్డున చాలా ఊళ్లు తిరిగింది. ప్రతి మనిషి చేతికీ పట్టీ చుట్టి చూసి, ఏం తింటాడు, ఏం తాగుతాడు, ఏ ఇల్లు, ఏ వీధి అని రాయించుకుంది. నాకు బీపీ లేదు. ఒళ్లు వంచి పనిచేసేవాడికి రోగాలు రావనీ, ఇసుక వీధి వాళ్లు నోరు కట్టుకోరనీ అందరి ముందూ చెప్పాను.

లెక్కలు తేలాక ఆమె మళ్లీ వచ్చింది. మా బావ అరుగు మీదికే వచ్చింది. మనిషి ఇంట్లో ఉంటాడు, ఇల్లు వీధిలో ఉంటుంది అని మొదలుపెట్టింది. ఒకే ఇంట్లో మనిషికీ మనిషికీ ఉండే తేడా ఒకటి, ఇంటికీ ఇంటికీ ఉండే తేడా ఒకటి, వీధికీ వీధికీ ఉండే తేడా ఇంకొకటి. మూడింటినీ ఒకే లెక్కలో పెట్టి, దేని వాటా ఎంతో విడదీయాలట. వయసు, తిండి, తాగుడు ఒకేలా ఉన్నవాళ్లను పోల్చినా ఉప్పు నీళ్ల వీధుల్లో బీపీ ఎక్కువగానే ఉందట. ఆ మిగిలిన తేడా మనుషులది కాదు, వీధిది అంది. మంచినీళ్లిచ్చి మళ్లీ కొలిస్తే ఇంకా గట్టిగా చెప్పొచ్చంది.

నేను ఊరుకోలేదు. "ఆ వీధిలోనే బీపీ లేనోళ్లు కూడా ఉండారు గదమ్మా, వాళ్ల సంగతేంది?" అన్నాను. మంచి మాట అడిగావు తాతా, అందుకే మనిషినీ వీధినీ కలిపి చూస్తాం, వీధి అందరినీ ఒకేలా తొయ్యదు అంది. నాకు ఒళ్లు పొంగింది. అంతలో మా బావ నోరు తెరిచాడు.

"అన్నం ఉప్పగా ఉంటే మెతుకు మెతుకునీ తిడతామా బావా? ఎసరు చూస్తాం గదా."

జనమంతా నవ్వారు. డాక్టరమ్మ ఆ మాట రాసుకుంది. నేను అడిగింది రాసుకోలేదు. నేను రెండో తరగతి దాకా చదివాను, ఆయన బడి గడపే తొక్కలేదు. ఆ మాట నాకెందుకు తట్టలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం మా ఇంటికి వచ్చేవాడు. "మీ వీధి తాగిపోదామని వచ్చినా" అనేవాడు. నా భార్య చెంబు తోమి పెట్టుకుని అన్న కోసం చూసేది. నా కోసం ఏనాడూ చెంబు తోమలేదు. తాగి, మూతి తుడుచుకుని, నా వైపు చూసి, "నీ ఆరోగ్యంలో కొంత ఆ కొళాయిది బావా, అంతా నీదే అనుకోబాక" అనేవాడు. ఒక చెంబుతో ఏమవుతుంది? ఇంటికి పోయి అన్నం ఆ బోరు నీళ్లతోనే వండుకోవాలి. బీపీ మాత్ర మాత్రం ఒక్క పూట మానలేదు. ఎండుచేప ముట్టడం మానేసి చాలా కాలమైంది. నేనైతే మానలేను.

ఆయన పోయిన రోజు మా ఊరి పడవలు వేటకు పోలేదు. ఎవరు పోయినా మా ఊళ్లో అది మామూలే. పక్క ఊరి పడవలు కూడా ఆగాయి. నేను పోతే ఆగుతాయా అని శవం ముందు కూర్చునే ఆలోచించాను. ఆగవు.

అక్కడే పంచాయతీ పెద్దమనిషి ఒకాయన నా పక్కన చేరి, ఉప్పుచేపా సారా మానుకోకపోతే ఇంతే, గొట్టం వేసినా వీళ్లు బాగుపడరు అన్నాడు. మా బావను ఆ మాట అనే హక్కు ఊళ్లో నా ఒక్కడికే ఉంది. ఆయన ఇంట్లో ఆడవాళ్లు ఆ మాట విని తలలు దించుకున్నారు.

నేను డాక్టరమ్మకు ఫోను చేయించాను. మా బావను చంపింది నోరా, నీళ్లా, తేల్చి చెప్పమన్నాను. "ఒక్క మనిషి గురించి అట్లా విడదీసి చెప్పలేను తాతా. వీధి గురించి చెప్పగలను. మీ పంచాయతీకి రాసిచ్చాను కూడా" అంది.

కాబట్టి పంచాయతీ వాళ్లను అడుగుతున్నాను. మా బావ సంగతి ఎవరూ తేల్చలేరు, సరే. వీధి సంగతి తేల్చి మీ చేతికిచ్చారు. మాత్ర వేసుకోవడం మనిషి పని, ఆయన వేసుకున్నాడు. గొట్టం వేయడం మీ పని. ఎప్పుడు వేస్తారు? వచ్చే ఆదివారం ఆయన పెద్దకర్మ. వంటకు ఆ బోరు నీళ్లే పొయ్యి మీద పెడతాం. విస్తళ్లు వేసేలోపు మీలో ఒకరు ఇసుక వీధికి వచ్చి, ఆ ఆడవాళ్ల ముందు నిలబడి తారీఖు చెప్పాలి. చెప్పలేకపోతే మాతోపాటు కూర్చుని ఆ అన్నం తినిపోండి.